శోకమును పద్దును: మానవ అంతరిక్షయానమునకు ప్రజాసమ్మతిని గూర్చి ఒక విచారణ

మానవ అంతరిక్షయానమునకు ప్రభుత్వములు చేయు వ్యయమును గూర్చి వ్రాసిన విద్వాంసులలో పలువురు ప్రజాభిప్రాయ సేకరణల పట్టికలను ముందిడుకొని, వానిలోని శాతములు హెచ్చినచో ప్రజలు అనుకూలురనియు తగ్గినచో ప్రతికూలురనియు తేల్చి, ఆ మీదట ప్రజలు ప్రతికూలురై యుండగా అంత ధనమెట్లు వచ్చెనని ఆశ్చర్యపడుచున్నారు. ఈ ఆశ్చర్యము నాకు చిరకాలముగా అసంతృప్తి కలిగించుచు వచ్చినది. ధనము నిజముగనే వచ్చినది, నౌకలు కట్టబడినవి, మనుష్యులు వెళ్ళిరి, వారిలో కొందఱు తిరిగి రాలేదు. ఇంత జరిగినపిమ్మట కూడ ప్రజాసమ్మతి లేదని చెప్పు పట్టికయందు లోపమున్నదా, లోకమునందు లోపమున్నదా యని విచారింపవలసిన బాధ్యత పరిశోధకులది.

ఈ విచారణకు బీజము గ్రంథములలో దొరకినది కాదు. శ్రీహరికోట ప్రయోగములను ఏండ్ల తరబడి మేడలమీదనుండి చూచుచు వచ్చిన సూళ్ళూరుపేట ప్రాంతమువారితో మాటలాడుచుండగా, వారు ఖర్చును గూర్చిన ప్రశ్నలకు ముక్తసరిగా జవాబు చెప్పి, విజయములను ఒక్క మాటతో దాటించి, వైఫల్యముల ప్రసంగము వచ్చుసరికి మాత్రము తెంపులేకుండ చెప్పుకొనిపోవుట గమనించితిని. 2010 డిసెంబరు 25వ తేదీ సాయంత్రము జి.ఎస్.ఎల్.వి.-ఎఫ్06 ఎగిరిన నిమిషములోపే ఆకాశమున ముక్కలైన దృశ్యమును ఒక టీకొట్టు యజమాని వర్ణించి, ‘ఇంట్లోవాళ్ళను పిలిచేలోపే అయిపోయింది సార్, ఆ రాత్రి మాకెవరికీ కూడు సయించలా’ అనెను. ఆ రాకెట్టు మోసినది ఉపగ్రహమును, ప్రాణనష్టము లేదు. అచేతనమైన యంత్రము పోయిననే ఇంతటి మమత్వము బయటపడినపుడు, మనుష్యులు పోయినచో ఆ మమత్వము రాజ్యకోశమును ఎంత దూరము కదలింపగలదు అను ప్రశ్న నాకు అచటనే పుట్టినది.

ఈ విషయమున నాకు ప్రధాన ప్రతిపక్షి అమెరికా అంతరిక్ష చరిత్రకారుడగు రోజర్ లానియస్. 2003లో ‘స్పేస్ పాలసీ’ పత్రికయందు ఆయన ప్రకటించిన వ్యాసము తరువాతి పరిశోధకులకు ప్రమాణగ్రంథ మయినది. అపోలో కాలమున అమెరికా ప్రజలందఱు చంద్రయాత్రకై ఉవ్విళ్ళూరిరను మాట కల్ల యనియు, 1960 దశకము పొడవునను అంతరిక్షమునకు ప్రభుత్వము మితిమీరి ఖర్చుపెట్టుచున్నదని తలచినవారు నూటికి 45 నుండి 60 వఱకు నుండిరనియు, ఆ ఖర్చునకు సగముకంటె హెచ్చుమంది ఒడంబడిన సందర్భము అత్యరుదనియు ఆయన నిరూపించెను. ఆ అంకెలతో నాకు తగవు లేదు. ఆ అంకెలనుండి ఆయనయు ఆయన ననుసరించినవారును తీసిన ఫలితార్థముతోనే తగవు. ప్రజలు వలదనిరి గనుక అపోలో కేవలము రాజకీయనాయకుల నిర్ణయమేయని వారు చెప్పుట, ప్రజాసమ్మతి యనగా ప్రశ్నకు వెంటనే చెప్పు అవుననుటయో కాదనుటయో తప్ప వేఱొకటి లేదని ముందుగనే ఒప్పుకొనుట యగును.

ప్రశ్న యెట్లడుగబడెనో చూడుడు. 1961 మే నెలలో, అనగా అధ్యక్షుడు కెనెడీ 25వ తేదీన కాంగ్రెసు సభలయెదుట చంద్రయాత్రాసంకల్పమును ప్రకటించిన ఆ నెలలోనే, గాలప్ సంస్థ ప్రజల నడిగిన ప్రశ్నలో చంద్రునిపైకి మనుష్యుని పంపుటకు 4,000 కోట్ల డాలర్లు, అనగా తలకు సుమారు 225 డాలర్లు కాగలవని చెప్పి, ఆ సొమ్మును అందుకు వెచ్చింతురా యని యున్నది. వలదనినవారు నూటికి 58, సరేయనినవారు 33. పెండ్లి పిలుపుతోపాటు భోజనపు ఖర్చు పద్దును చేతికిచ్చి వచ్చెదరా యని యడిగినచో వచ్చు జవాబునకును దీనికిని భేదము స్వల్పము. రోడ్లకు, సైన్యమునకు, వృద్ధుల వైద్యమునకు తలకింతయని లెక్కకట్టి ఇట్లే యడిగియున్న యెడల ఎన్ని పద్దులు నిలిచియుండెడివో యెవరు చెప్పగలరు? 1966లో నాసా వ్యయము సమాఖ్య ప్రభుత్వ వ్యయములో 4.4 శాతమునకు చేరెను. ఆ ధనము నిచ్చినవారు ఆ ప్రజలచేత ఎన్నుకొనబడి మరల వారియొద్దకే ఓట్లకై పోవలసిన ప్రతినిధులే. ఇందలి సమ్మతి పట్టికలయందు కానరాదు. దానిని వేఱొకచోట వెదకవలెను. నా వాదమున ఆ చోటు శోకము.

ఇందుకు నేను ముఖ్యముగా ఆధారపడు నిదర్శనము ఛాలెంజరు ప్రమాదము గనుక దానిని కొంచెము విపులముగా పరిశీలించెదను. ప్రమాదమునకు మూడేండ్లు ముందు, 1983లో, ఛాలెంజరుతో కూడిన నాలుగు షటిల్ నౌకలకు తోడు ఐదవదానిని నిర్మింపవలెనను ప్రతిపాదన రీగన్ ప్రభుత్వముయెదుటికి వచ్చెను. ప్రభుత్వము దానికి ధనమీయ నిరాకరించి, అవసరము వచ్చునేమోయని రెక్కలు మున్నగు కొన్ని విడిభాగములను మాత్రము చేయించి యుంచుటకు అనుమతించెను. ఆర్థికదృష్టితో అది సమంజసమైన తీర్పే. షటిల్ తఱచుగా చవుకగా ఎగురునన్న తొలి యాశలు అప్పటికే సడలియుండెను.

1986 జనవరి 28వ తేదీ ఉదయమున ఛాలెంజరు ఎగిరిన 73 సెకనులలో విచ్ఛిన్నమై ఏడుగురు మరణించిరి. వారిలో క్రిస్టా మెక్కాలిఫ్ న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున కాంకర్డ్ పట్టణపు పాఠశాలలో ఉపాధ్యాయిని. ఆమె అంతరిక్షమునుండి పాఠము చెప్పనున్నదని దేశము నలుమూలల బడిపిల్లలు తరగతిగదులలో టెలివిజనుల ముందు కూర్చుండి యుండిరి. ఆ రాత్రి కాంగ్రెసులో చేయవలసిన వార్షిక ప్రసంగమును రీగన్ వాయిదావేసి, జాతి నుద్దేశించి మాటలాడుచు ఆ పిల్లలను ప్రత్యేకముగా సంబోధించెను. అంతవఱకు అంతరిక్షశాఖ పద్దు ఇన్ని డాలర్లు అను సంఖ్య. ఆ ఉదయమున అది ఒక్కొక్క ఇంట అన్నము ముట్టని పిల్లవాని దుఃఖ మయ్యెను.

అటుపిమ్మట ప్రమాదమును విచారించుటకు ఏర్పడిన రోజర్స్ సంఘము పనిచేసిన తీరులో ఒక ఘట్టము విశేషముగా స్మరింపదగినది. ఫిబ్రవరి 11వ తేదీన జరిగిన బహిరంగ సమావేశమున భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఘన ఇంధన రాకెట్టు అతుకులలో వాడు రబ్బరు వలయపు ముక్క నొకదానిని చిన్న బిగింపు పట్టెలో నొక్కిపెట్టి, తన బల్లమీది మంచునీళ్ళ గ్లాసులో ముంచి, కొంచెము సేపటికి తీసి పట్టెను వదలించెను. ఆ రబ్బరు వెంటనే తన పూర్వరూపమునకు రాలేదు. ప్రమాదమునకు ముందునాటి రాత్రి ఇంజనీర్లు అంతటి చలిలో ప్రయోగము వలదని వాదించి యోడిపోయిరను సంగతియు ఆ విచారణలోనే వెలికివచ్చెను. ఇది పాలనాయంత్రాంగపు ఘోరమైన తప్పిదము. లానియస్ పద్ధతి ననుసరించి యోచించినచో, ఇంతటి తప్పిదము బయలుపడినపిమ్మట ప్రజలు ఈ కార్యక్రమమును త్యజించి యుండవలెను. జరిగినది దానికి విరుద్ధము. ప్రమాదమునకు ముందును తరువాతను ప్రజాభిప్రాయమును పరిశీలించిన జాన్ మిల్లర్, కార్యక్రమమునెడ ఆదరము తగ్గక హెచ్చెనని 1987లో అదే ‘స్పేస్ పాలసీ’ పత్రికయందు ప్రకటించెను. అంతకు ముందే 1986 ఆగస్టు 15న రీగన్ కొత్త నౌక నిర్మాణమును ప్రకటించియుండెను. కాంగ్రెసు 200 కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ము మంజూరు చేసెను. మూడేండ్ల క్రిందట కూడదన్న నౌకనే, ఆనాడు చేసియుంచిన విడిభాగములతోనే, కట్టిరి. దానికి పేరు పెట్టు పనిని బడిపిల్లలకు అప్పగించిరి. వారు పెట్టిన ‘ఎండెవర్’ అను పేరుతో అది 1992 మే 7న తొలిసారి ఎగిరెను.

ఒకే నౌక, ఒకే ప్రభుత్వము, ఒకే కాంగ్రెసు. నడుమ జరిగినది ఏడుగురి మరణము. నౌకల సంఖ్య నాలుగునుండి హెచ్చలేదనియు పోయినదాని స్థానమునే భర్తీ చేసిరనియు ఆక్షేపింపవచ్చును గాని, ప్రమాదకరమని రుజువైన యంత్రమునకు మరల ప్రాణముపోయుటకు ధనమిచ్చుటయే ఇచట వివరింపవలసిన విషయము.

ఈ తీరు ఛాలెంజరుతో మొదలైనది కాదు. 1967 జనవరి 27న అపోలో-1 గదిలో భూమిమీదనే, పరీక్షాసమయమున, గ్రిసమ్, వైట్, చాఫీ అను మువ్వురు వ్యోమగాములు మంటలలో చిక్కి మరణించిరి. లోపలికి తెఱచుకొను తలుపు, గదినిండ శుద్ధమైన ఆమ్లజని, మంటలంటుకొను వస్తుసామగ్రి. ఇవన్నియు పరిహరింప వీలైనవేయని విచారణలో తేలెను. ఆ యేడు కాంగ్రెసు నాసా పద్దును కోసినమాట నిజమే కాని, ఆ కోత ప్రధానముగా అపోలో తరువాతి పథకములపై పడెను; చంద్రయాత్ర మాత్రము నిలిచెను. మృతులు బయలుదేరిన దారిని నడుమ విడిచిపెట్టుట ఏ ప్రతినిధికిని సాధ్యము కాలేదు.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా షటిల్ నౌక టెక్సాస్ మీదుగా దిగివచ్చుచు ముక్కలయ్యెను. ఆ ఆగస్టులో వెలువడిన విచారణసంఘపు నివేదిక, దశాబ్దములుగా దేశమునకు మానవ అంతరిక్షయానమున స్పష్టమైన లక్ష్యమే లేకపోయెనని యెత్తిచూపెను. ఏడాది తిరుగకమునుపే, 2004 జనవరి 14న, అధ్యక్షుడు బుష్ మరల చంద్రునిపైకి పోవలెనని ప్రకటించెను. ముప్పది యేండ్లుగా శాంతముగా అడిగినపుడు దొరకని లక్ష్యము శోకదినములలో దొరకెను.

దీనికి ప్రతిగా ఏ మృతులును లేని అంతరిక్షకేంద్ర పథకమును చూడుడు. 1993 జూను నెలలో అమెరికా ప్రతినిధుల సభలో దానిని రద్దుచేయు సవరణ 215 ఓట్లకు ఎదురుగా 216 ఓట్లతో, ఒక్క ఓటు తేడాతో, వీగిపోయెను. కర్మాగారములు, ఉద్యోగములు, నియోజకవర్గముల స్వార్థములు అన్నియు దానికి అండగానే యుండెను. అవి తెచ్చిపెట్టిన బలము ఒక్క ఓటు.

మనదేశమున ఇట్టి ప్రజాభిప్రాయ సేకరణలు అరుదు; అంతరిక్షశాఖ పద్దు తరచుగా ప్రత్యేకచర్చ లేకయే ఇతర పద్దులతో కలిసి గిలెటిన్ క్రింద ఆమోదము పొందుచున్నది. కావున శోకపు జాడలను మనము ఇతరత్ర వెదకవలెను. మన అంతరిక్ష కార్యక్రమమునకు ఆద్యుడగు విక్రమ్ సారాభాయి 1968లో తుంబ కేంద్రము ఐక్యరాజ్యసమితికి అంకితమైన సందర్భమున, చంద్రగ్రహాదుల యాత్రలయందును మానవసహిత యానమునందును సంపన్నదేశములతో పోటీపడు భ్రమ మనకు లేదని విస్పష్టముగా చెప్పెను. ఆ మాటకు కట్టుబడియే 1975-76 నాటి ‘సైట్’ ప్రయోగము ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆఱు రాష్ట్రముల 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా టెలివిజను పాఠములను చేర్చెను. 1984 ఏప్రిలులో రాకేశ్ శర్మ సోవియట్ నౌకలో వెళ్ళివచ్చినపుడు దేశమంతయు ఉప్పొంగెను. ఆ ఆనందమునుండి ఏమి పుట్టినది? ఇరువది యేండ్లు గడచినను మానవయానమునకు స్వదేశీయ పథకమేదియు పుట్టలేదు.

2003లో కొలంబియా ప్రమాదమున వ్యోమగామి కల్పనా చావ్లా మరణించినపుడు తెలుగు దినపత్రికల మొదటి పుటలు సైతము ఆమె చిత్రముతో నిండెను. కర్నాలులో పుట్టి అమెరికా పౌరురాలైన ఆమెను తెలుగునాట ఇండ్లలో తమ ఆడబిడ్డ పోయినట్లుగా తలచుకొనిరి. నాలుగు దినములలోనే, ఫిబ్రవరి 5న, ప్రధాని వాజపేయి అంతకు ముందటి సెప్టెంబరులో శ్రీహరికోటనుండి ఎగిరిన మెట్‌శాట్ ఉపగ్రహమునకు ఆమె పేరు పెట్టెను. 2006 నవంబరు 7న బెంగుళూరులో సమావేశమైన శాస్త్రవేత్తలు మానవయానము మనకు కావలెనని ఏకకంఠముతో పలికిరి. సారాభాయి కూడదన్నది ఆమె మరణించిన మూడు యేండ్ల తొమ్మిది నెలలలో కూడునదయ్యెను. నడుమ 2003 అక్టోబరులో చీనా తన మనిషిని పంపుటయు కారణమేయని అనువారున్నారు. అది పాలకులను కదలించియుండవచ్చును, ప్రజలను మాత్రము కాదు. ఈ శోకము అందఱికి సమముగా దక్కునది కాదని కూడ ఇచట చెప్పవలెను: 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోట ఘన ఇంధన కర్మాగారమున పేలుడు సంభవించి ఆఱుగురు చనిపోయిరి, వారి పేర ఏ ఉపగ్రహమును లేదు.

2018 డిసెంబరులో 10,000 కోట్ల రూపాయల లోపున ఆమోదముపొందిన మన మానవయాన పథకమగు గగన్‌యాన్‌నకు 2024 సెప్టెంబరులో మంత్రిమండలి పరిధిని పెంచి, మొత్తమును 20,193 కోట్లు చేసెను. 2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో జరిగిన పరీక్షలో, ఆపద సమయమున వ్యోమగాములను రాకెట్టునుండి వేఱుచేసి దూరముగా లాగుకొనిపోవు వ్యవస్థ పనిచేసి, ఖాళీ గది గొడుగులతో సముద్రమున దిగెను. ఆ వ్యవస్థ యున్నదనగా ఆపద రాగలదని రాజ్యము లెక్కవేసినదనియే యర్థము. రాకుండుగాక. వచ్చిన మఱునాడు ఏ సభ్యుడును ఈ పద్దుకు వ్యతిరేకముగా లేచి నిలువజాలడు. పైని చూపిన దేశమున నిలువలేదు, ఇచటను నిలువడు. కావున ఈ ఇరువదివేల కోట్లు కావలెనా, వలదా, ఆస్పత్రులతోను బడులతోను పోల్చిచూచిన దీని స్థానమెచట, వ్యోమగాముల ప్రాణములను ఏపాటి ప్రయోజనమునకై పణముగా పెట్టుచున్నాము అను చర్చ జరుగవలసినది మనుష్యుడెక్కని ఈ పరీక్షాప్రయోగముల కాలముననే. అంతరిక్షశాఖ పద్దును గిలెటిన్‌నుండి తప్పించి, తొలి వ్యోమగామి శ్రీహరికోట వేదికమీది రాకెట్టులో కాలు మోపక పూర్వమే లోక్‌సభలో ప్రత్యేకముగా ఒక దినమంతయు చర్చింపవలెను.