టెండరు పెట్టె కథ

మా బాబాయి చిన్న కాంట్రాక్టరు. మురుగుకాలవలు, కల్వర్టులు కట్టేవాడు. తొంభైల్లో మునిసిపాలిటీ పని కావాలంటే ముందు టెండరు షెడ్యూలు దొరకాలి. అది ఆఫీసులోనే అమ్మేవారు. వెళితే "అయిపోయాయండీ" అనేవాడు గుమాస్తా. ఎలాగో సంపాదించి సీలు కవరు పట్టుకెళ్తే పెట్టె చుట్టూ నలుగురు నిలబడి ఉండేవారు. దాన్నే 'రింగు' అంటారు: పని ఒకరికి, వాటా మిగతావారికి. ఒకసారి బాబాయి కవరు పెట్టెదాకా చేరనేలేదు.

2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చెల్లుబాటు ఇచ్చింది. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ-ప్రొక్యూర్‌మెంటు మొదలుపెట్టింది. మొదట పెద్ద పనులకే, తర్వాత చిన్నవాటికీ. షెడ్యూలు ఇంట్లోనే దింపుకోవచ్చు, రేటు ఇంట్లోంచే వెయ్యొచ్చు. ప్రోగ్రాములు రాసుకునే నాకు ఇందులో నచ్చింది వేగం కాదండీ, అడ్డంగా నిలబడ్డానికి పెట్టే లేకపోవడం.

రింగు పూర్తిగా పోయిందా అంటే, లేదు. షరతుల్లోకి దూరింది. "ఇలాంటి పని, ఇంత విలువది, ఇన్నేళ్ళలో చేసుండాలి" అని ఒకరి కొలతకే చొక్కా కుట్టినట్టు రాయిస్తారు. అందుకే కొత్తవాళ్ళు రేటు కంటే ముందు అర్హతల పేజీ చదవాలి. అనుమానముంటే ప్రీ-బిడ్ సమావేశంలోనే రాతపూర్వకంగా అడగాలి. గడువు దాటాక అరిచి లాభం లేదు.

బాబాయికి ఆన్‌లైన్లో మొదటి రెండూ పోయాయి, మూడోది దక్కింది. పోయినప్పుడు ఆయనన్నమాట: "పోతే పోయిందిరా, ఎంతకి పోయిందో తెలిసింది కదా!"