వెండిలా మెరిసిన ప్లాస్టిక్

మా ఊళ్ళో కరెంటు పని చేసేవాడు తీగ చివర ప్లాస్టిక్ తొడుగుని పళ్ళతో కొరికి లాగేసేవాడు. లోపలి రాగిని ముట్టుకుంటే షాకు, పైనున్న ప్లాస్టిక్‌ని ముట్టుకుంటే ఏమీ కాదు. బడికి వెళ్ళనివాళ్ళకి కూడా తెలిసిన ఈ సంగతిని ఫిలడెల్ఫియాలో కొందరు తలకిందులు చేశారు. దానికి 2000లో కెమిస్ట్రీలో నోబెల్ బహుమతి వచ్చింది. నాకు మాత్రం ఆ కథలో కరెంటు కన్నా మనుషుల మీదే ఎక్కువ ఆసక్తి.

1957లో రష్యా స్పుత్నిక్‌ని ఎగరేసేసరికి అమెరికాకి కంగారు పుట్టింది. కొత్త యంత్రాలకి కొత్త పదార్థాలు కావాలి. తయారు చేసేవాడు కెమిస్టు, కొలిచేవాడు ఫిజిసిస్టు, వంచి విరిచి చూసేవాడు మెటలర్జిస్టు. ముగ్గురూ మూడు భవనాల్లో, పలకరింపులు కూడా లేకుండా ఉండేవాళ్ళు. అందుకని 1960లో రక్షణశాఖకి చెందిన అర్పా సంస్థ, వీళ్ళని ఒకే కప్పు కిందకి చేర్చే లాబ్‌లకి డబ్బిచ్చింది. మొదటి విడతలో అవి దక్కిన విశ్వవిద్యాలయాలు మూడు: కార్నెల్, నార్త్‌వెస్టర్న్, పెన్సిల్వేనియా. 1972లో వాటి పోషణ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చేతికి వచ్చింది.

ఒకే కప్పు కింద కూర్చోబెట్టినంత మాత్రాన ఒకరి భాష ఒకరికి అర్థమవుతుందా? పెన్సిల్వేనియాలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఆలన్ హీగర్ ఓ రోజు కెమిస్టు ఆలన్ మెక్‌డయర్మిడ్‌తో "ఎస్ ఎన్ ఎక్స్" మీద పని చేద్దామని, అది లోహంలా కరెంటు పారిస్తోందని చెప్పాడట. కెమిస్టుకి ఎస్ ఎన్ అంటే తగరం. తగరంలో కరెంటు పారడంలో వింతేముందని ఈయన ఆశ్చర్యం. ఆయన చెబుతున్నదేమో గంధకం, నైట్రోజన్ కలిసిన గొలుసు గురించి! కాసేపు చెరో దారిన మాట్లాడుకున్నాక గానీ సంగతి తేలలేదు. (అమెరికా వచ్చిన కొత్తలో మనలో ఎవరికి ఈ అనుభవం లేదు?)

ఆ బంగారు రంగు పదార్థం గురించే 1975లో మెక్‌డయర్మిడ్ టోక్యోలో ఉపన్యాసం ఇచ్చాడు. తర్వాత టీ తాగుతుంటే హిదెకి షిరకావా తన దగ్గరున్న వెండి రంగు పొర చూపించాడు. అది పాలీఎసిటిలీన్. వెల్డింగు షాపుల్లో వాడే ఎసిటిలీన్ అణువులనే దండగా గుచ్చితే వచ్చే ప్లాస్టిక్. అంతకు ముందు అందరికీ అది పనికిరాని పొడిగానే తెలుసు. 1967లో షిరకావా పని చేసే లాబ్‌లో, కొరియా నుంచి వచ్చిన ప్యున్ హ్యుంగ్ చిక్ అనే పరిశోధకుడు దాన్ని తయారు చేస్తుండగా ఉత్ప్రేరకం వెయ్యి రెట్లు ఎక్కువ పడింది. మిల్లీమోల్ కావలసిన చోట మోల్ అయింది. పొడికి బదులు పాల మీద మీగడలా పొర కట్టింది. పొరపాటు చెప్పినవాడిదా, విన్నవాడిదా అన్నది రకరకాలుగా చెబుతారు. షిరకావా మాత్రం దాన్ని పారెయ్యకుండా ఏళ్ళ తరబడి సానబెట్టాడు.

1976లో షిరకావా ఫిలడెల్ఫియా వచ్చాడు. నవంబరు 23న ఆయనా, హీగర్ దగ్గర పోస్ట్‌డాక్‌గా ఉన్న సి. కె. చియాంగూ కలిసి పొరకి తీగలు తగిలించి, బ్రోమిన్ ఆవిరి సోకించారు. నిమిషాల్లో దాని వాహకత కోటి రెట్లు పెరిగింది! కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో ఇద్దరు దిగితే మిగతావాళ్ళు ముందుకి జరగగలిగినట్టే, బ్రోమిన్ కొన్ని ఎలక్ట్రాన్లని లాక్కోగానే మిగిలినవాటికి కదలడానికి చోటు దొరికింది.

1977లో అచ్చయిన వ్యాసం మీద ఐదు పేర్లున్నాయి: షిరకావా, లూయిస్, మెక్‌డయర్మిడ్, చియాంగ్, హీగర్. లూయిస్ మెక్‌డయర్మిడ్ విద్యార్థి. నోబెల్‌ని ముగ్గురికి మించి పంచరు. ఒకటి, మూడు, ఐదు స్థానాల్లో ఉన్నవాళ్ళకి దక్కింది. ప్యున్ పేరు వ్యాసం మీదే లేదు. ఆస్ట్రేలియాలో డొనాల్డ్ వైస్ బృందం 1963లోనే, అయొడిన్ కలిసిన పాలీపిర్రోల్‌లో కరెంటు బాగా పారుతుందని ప్రచురించినా ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ముగ్గురికీ రాకూడదని నేననను. చూసినదేమిటో గుర్తుపట్టి, పదిమందికీ అర్థమయ్యేలా చెప్పింది వాళ్ళే. కానీ నేనూ జె-1 వీసా మీద పోస్ట్‌డాక్‌గా వచ్చినవాణ్ణే. రాత్రి రెండింటికి మీటరు దగ్గర ఎవరు కూర్చుంటారో, పొద్దున ఫోటోలో ఎవరు నిలబడతారో నాకు తెలుసు.

పాలీఎసిటిలీన్ గాలి తగిలితే పాడైపోతుంది, అందుకే అది బజారుకి రాలేదు. దాని చుట్టాలు కెపాసిటర్లలోకీ, ఫోటో ఫిల్ముల పూతల్లోకీ చేరాయి. మన ఫోన్ల తెరల్లో వెలిగేది వేరే శాఖ. రోచెస్టర్‌లోని కొడాక్‌లో, హాంకాంగ్‌లో పుట్టిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రకటించిన చిన్న అణువుల దారి అది.

మెక్‌డయర్మిడ్ 2007లో పోయాడు. ఆ లాబ్ భవనం వాల్‌నట్ వీధిలో ఉంది. 1977 వ్యాసం జిరాక్సు కాపీ ఒకటి నా దగ్గరుంది. ఐదు పేర్ల కింద, పెన్సిల్‌తో ప్యున్ పేరు నేనే రాసుకున్నాను.