బసవపురాణంలో అర్హత భావన

వీరశైవ సాహిత్యంలో సామాజిక సమత్వాన్ని గురించిన చర్చ తరచు ‘కులనిరసన’ అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. పుట్టుకను కాదన్న తరువాత మనిషి యోగ్యతను దేనితో కొలవాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణం ఆ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం ఏకరూపమైనది కాదు.

12వ శతాబ్దిలో కల్యాణాన్ని ఏలిన కలచురి బిజ్జలుని దండనాయకుడు బసవేశ్వరుడు. ఆయన బాల్యంలోనే ఉపనయనాన్ని నిరాకరించి తండ్రితో వాదించినట్లు సోమనాథుడు వర్ణించాడు. కావ్యంలో చాకలి మడివాలు మాచయ్య, చెప్పులు కుట్టే మాదర చెన్నయ్య పూజ్యులు. లోకం అంటరానివాడన్న శివనాగుమయ్యను బసవడు ఆదరించగా బ్రాహ్మణులు బిజ్జలునితో మొరపెట్టుకుంటారు. పండితుల మన్నన పొందిన చంపూమార్గాన్ని విడిచి సోమనాథుడు ద్విపదనూ జానుతెనుగునూ చేపట్టడం కూడా ఈ దృష్టిలో భాగమే. శ్రోతకు శాస్త్రపాండిత్యం ఉండాలన్న నియమాన్ని ఆయన కవిత్వంలోనూ అంగీకరించలేదు.

అయితే వేదాధికారం స్థానంలో భక్తి అనే మరొక పరీక్షను నిలిపితే కొలబద్ద మాత్రమే మారినట్లవుతుంది. ముగ్ధభక్తుల కథలకు ప్రాధాన్యం ఇక్కడే. శివుడు విషం మింగాడని విన్న రుద్రపశుపతి, ఆయన ప్రాణానికి ముప్పని భయపడి, విషం ఉమియకపోతే తాను చస్తానని నీట దిగుతాడు. శివునికి తల్లి లేదని జాలిపడిన బెజ్జమహాదేవి, తానే తల్లియై లింగానికి పసిబిడ్డకు చేసే ఉపచారాలన్నీ చేస్తుంది. వీరికి శాస్త్రజ్ఞానం లేదు. తాము అర్హులమన్న ఎరుక అసలే లేదు. సాధించి సంపాదించిన యోగ్యతకు కాక, నిష్కపటమైన ఆర్తికే అనుగ్రహం దక్కుతుంది. ప్రతిభావాదానికి ఇంతకంటె సూటియైన మతపరమైన ఖండన ప్రాచీన తెలుగు కావ్యాలలో అరుదు.

ఈ ఔదార్యానికి ఎల్లలున్నాయి. భక్తుల నడుమ చెరిగిన గీత భక్తునికీ ‘భవి’కీ మధ్య మరింత గట్టిగా పడింది. జైనులపట్ల కావ్యం చూపిన కాఠిన్యాన్ని దాటవేసి సమత్వాన్ని మాత్రమే కీర్తించే విమర్శ సగం పాఠాన్నే చదివినట్లు.

ఆచరణలో పుట్టుక కూడా పూర్తిగా తొలగలేదు. బసవనిపై ఎంత మక్కువ ఉన్నా బ్రాహ్మణ్యాన్ని వదులుకోలేనని మల్లికార్జున పండితారాధ్యుడు చెప్పుకొన్నట్లు సంప్రదాయం. లింగంతోపాటు జందెమూ ధరించే ఆరాధ్యశాఖ ఆ వైఖరికి వారసురాలు. ఉపనయనాన్ని కాదన్న బసవనికీ ఈ పండితారాధ్యునికీ కూడా సోమనాథుడు ద్విపదలోనే చరితలు రచించాడు.