పాత నోడు, కొత్త సంచిక

బిట్‌కాయిన్‌కు కేంద్ర బ్యాంకు లేదు. దాని లావాదేవీలను నియమానుసారం స్వయంగా సరిచూసే కంప్యూటరును నోడు అంటారు. నోడులన్నీ ఒకే నియమాన్ని పాటించినంతకాలమే ఖాతా ఒక్కటిగా నిలుస్తుంది.

2013 మార్చిలో 0.8 సంచిక సాఫ్ట్‌వేర్ అంగీకరించిన ఒక పెద్ద బ్లాకును అనేక పాత నోడులు తిరస్కరించాయి. పాత డేటాబేసులోని పరిమితియే ఇందుకు కారణం. ఖాతా రెండుగా చీలింది. ఆ వ్యవధిలో ఒకే సొమ్ము రెండుమార్లు చెల్లిన ఉదంతమూ జరిగింది. మైనర్లు 0.7 సంచికకు మరలిన పిదప, కొన్ని గంటలలో చీలిక తొలగింది.

2017 ఆగస్టులో వచ్చిన సెగ్విట్ మార్పు ఉన్న నియమాలను సడలించక, మరింత బిగించింది. అందువలన పాత నోడులు ఆగలేదు. అయితే కొత్త తరహా సంతకాలను అవి పరీక్షించలేవు. నోడు నడుస్తున్నంత మాత్రాన అన్నిటినీ సరిచూస్తున్నదని భావించరాదు.