లారీకి ఏ ఇంజన్ ఆయిల్ పోయాలి? డబ్బా మీద ముందు చూడాల్సింది ఇదే

కాప్రా, చర్లపల్లి, కుషాయిగూడ, మౌలాలి ప్రాంతాల్లో లారీ కనిపించని రోడ్డు ఉండదు. చర్లపల్లిలో ప్రభుత్వ రంగ చమురు కంపెనీల డిపోలు, పారిశ్రామిక వాడ ఉన్నాయి. ఇటు మల్లాపూర్, నాచారం ఫ్యాక్టరీలు. పెట్రోల్ ట్యాంకర్లు, గ్యాస్ సిలిండర్ల బండ్లు, కంకర టిప్పర్లు, ఎండాకాలం వచ్చిందంటే నీళ్ల ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి. వీటిలో ఒకటి రెండు బండ్ల మీద ఇల్లు నడుపుకునే చిన్న ఓనర్లు ఎందరో. ఓనరే డ్రైవర్ అయిన ఇంట్లో ఇంజన్ సీజ్ అయితే ఆగేది బండి ఒక్కటే కాదు. ఫైనాన్స్ కిస్తీ, ఇంటి కిరాయి, పిల్లల ఫీజు అన్నీ ఆగుతాయి.

అయినా ఇంజన్ ఆయిల్ కొనేటప్పుడు షాపులో చాలామంది అడిగేవి రెండే ప్రశ్నలు: ఏ కంపెనీది? రేటెంత? వీటికంటే ముందు అడగాల్సింది మరొకటి ఉంది. నా బండి బీఎస్ ఎంత, దానికి కంపెనీ ఏ స్పెసిఫికేషన్ రాసింది? బీఎస్-6 బండ్లు వచ్చాక ఈ ప్రశ్నను వదిలేస్తే నష్టం వేలల్లో కాదు, లక్షల్లోకి పోతుంది.

డబ్బా మీద రెండు కోడ్‌లు

ఏ కంపెనీ డబ్బా తీసుకున్నా రెండు కోడ్‌లు ఉంటాయి. మొదటిది 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-40, 10డబ్ల్యూ-30 లాంటిది. ఇది చిక్కదనం సంగతి చెబుతుంది. డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే ఆయిల్ చలిలో అంత తేలిగ్గా కదులుతుంది. వెనకున్న అంకె ఇంజన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది.

15డబ్ల్యూ ఆయిల్‌ను స్టార్టింగ్ కోసం పరీక్షించేది మైనస్ 20 డిగ్రీల దగ్గర. 20డబ్ల్యూ అయితే మైనస్ 15 దగ్గర. మన దగ్గర అంత చలి ఎప్పుడూ రాదు. వేడెక్కాక రెండూ 40 గ్రేడే. అందుకే "ఎండాకాలం కదా, 15 వద్దు, 20 పోయండి, చిక్కగా ఉంటుంది" అనే మాటలో పెద్ద పస లేదు. పైగా తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టగానే పైన వాల్వుల దాకా, టర్బో దాకా ఆయిల్ తొందరగా చేరాలి. ఆ పని 15డబ్ల్యూ కొంచెం బాగా చేస్తుంది. టర్బో ఉన్న లారీలకు కంపెనీలు ఎక్కువగా 15డబ్ల్యూ-40 రాయడానికి ఇదొక కారణం.

రెండో కోడ్ అసలైనది. ఏపీఐ అనే పేరు పక్కన సీహెచ్-4, సీఐ-4, సీఐ-4 ప్లస్, సీకే-4 అని ఉంటుంది. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. 'సీ'తో మొదలైతే డీజిల్ ఇంజన్ ఆయిల్. 'ఎస్'తో మొదలైతే పెట్రోల్ ఇంజన్ ఆయిల్. సీ తర్వాతి అక్షరం ముందుకు పోయే కొద్దీ ఆయిల్ కొత్త తరానిది అని అర్థం. సీఎఫ్-4 1990లో, సీహెచ్-4 1998లో, సీఐ-4 2002లో, సీజే-4 2006లో, సీకే-4 2016 డిసెంబర్‌లో వచ్చాయి.

డబ్బా మీద 15డబ్ల్యూ-40 ఒకేలా ఉన్నా లోపలి సరుకు ఒకటే కాదు. సీహెచ్-4లోనూ 15డబ్ల్యూ-40 దొరుకుతుంది, సీకే-4లోనూ దొరుకుతుంది. అంకె చూసి సరే అనుకుని తెచ్చుకుంటే మోసపోయేది ఇక్కడే.

మీ బండి ఏ తరం?

ఆర్‌సీ వివరాల్లో, ఎంపరివాహన్ యాప్‌లో బండి ఏ బీఎస్ అనేది ఉంటుంది. హైదరాబాద్‌కు బీఎస్-4 ఇంధనం 2010లోనే వచ్చినా, దేశమంతా బీఎస్-4 అమలైంది 2017 ఏప్రిల్ 1న. బీఎస్-6 అమలు 2020 ఏప్రిల్ 1న మొదలైంది.

బీఎస్-3, అంతకంటే పాత బండ్లు: సాధారణంగా సీహెచ్-4 లేదా సీఐ-4తో నడుస్తాయి. ఇంకా పాత సీఎఫ్-4 ఆయిల్ చవగ్గా దొరికినా జోలికి పోకపోవడమే మంచిది. ఆ కేటగిరీని ఏపీఐ ఎప్పుడో పక్కన పెట్టేసింది.

బీఎస్-4 బండ్లు: ఎక్కువగా సీఐ-4 లేదా సీఐ-4 ప్లస్. ఈ తరంలో చాలా ఇంజన్లకు ఈజీఆర్ వచ్చింది. అంటే సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకే వస్తుంది. దాంతో ఆయిల్‌లో మసి పెరుగుతుంది. ఆ మసి గడ్డకట్టకుండా ఆయిల్ పట్టి ఉంచాలి. సీఐ-4 తయారైందే ఈజీఆర్ ఇంజన్ల కోసం.

బీఎస్-6 బండ్లు: సీకే-4, లేదా యూరప్ కొలతల్లో ఏసీఈఏ ఈ6, ఈ9 లాంటి తక్కువ బూడిద ఆయిల్, లేదా బండి కంపెనీ సొంత స్పెసిఫికేషన్. ఇక్కడ ఓనర్ మాన్యువల్‌లో ఉన్నదే ఫైనల్. షాపు మాట గానీ, పాత అలవాటు గానీ చెల్లవు.

సీఎన్‌జీ లారీలకు ఆయిల్ వేరే ఉంటుంది. డీజిల్ బండి బకెట్లో మిగిలింది దాంట్లో పోయొద్దు.

ఒక పాత బండి, ఒక కొత్త బండి ఉన్నవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. సీకే-4 ఆయిల్ పాత సీఐ-4, సీహెచ్-4 ఇంజన్లకూ పనికొస్తుంది. బకెట్లు కలిసిపోతాయన్న భయం లేకుండా రెంటికీ అదే తెచ్చుకోవచ్చు. కానీ ఎఫ్ఏ-4 అని ఇంకోటి ఉంది. అది కొన్ని కొత్త ఇంజన్ల కోసం చేసిన పల్చటి ఆయిల్. మాన్యువల్‌లో ఆ పేరు రాసి ఉంటే తప్ప పోయకూడదు.

బీఎస్-6లో పాత ఆయిల్ ఎందుకు ప్రమాదం?

దీని కథ డీజిల్‌తో మొదలవుతుంది. బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల వంతుల్లో 350 వంతుల దాకా ఉండొచ్చు. బీఎస్-4లో అది 50కి, బీఎస్-6లో 10కి దిగింది. గంధకం మండితే ఆమ్లం తయారై ఇంజన్‌ను తినేస్తుంది. దాన్ని విరిచేందుకు పాత ఆయిళ్లలో లోహాలు కలిసిన మందులు ఎక్కువ వేసేవారు. అప్పట్లో అవసరం కాబట్టి అది మంచి ఆయిలే.

ఇప్పుడు డీజిల్‌లో గంధకం దాదాపు పోయింది. కానీ సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ వచ్చి కూర్చుంది. అది పొగలోని మసిని పట్టుకుంటుంది. తర్వాత బాగా వేడెక్కి ఆ మసిని కాల్చేసుకుంటుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. మసి కాలిపోతుంది గానీ, ఆయిల్‌లోని లోహాల వల్ల వచ్చే బూడిద కాలదు. ఎన్నిసార్లు రీజనరేషన్ చేసినా లోపలే పేరుకుంటుంది. ఫిల్టర్ పూడుకుపోతే పికప్ తగ్గుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, డ్యాష్‌బోర్డ్ మీద లైట్ మాటిమాటికీ వెలుగుతుంది. చివరికి ఫిల్టర్ విప్పి శుభ్రం చేయించాలి, లేదా మార్చాలి.

అందుకే సీజే-4, సీకే-4 ఆయిళ్లలో ఈ బూడిద 1 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. "ముప్పై ఏళ్లుగా ఇదే పోస్తున్నాం, ఏం కాలేదు" అని ఉస్తాద్ చెబితే అది పాత బండ్ల విషయంలో నిజమే కావొచ్చు. ఆ ముప్పై ఏళ్లలో డీపీఎఫ్ లేదు.

కిలోమీటర్ల లెక్క అందరికీ సరిపోదు

హైవే మీద విజయవాడ, నాగ్‌పూర్ వెళ్లొచ్చే లారీకి కిలోమీటర్ల లెక్కన ఆయిల్ మార్చొచ్చు. నీళ్ల ట్యాంకర్ అలా కాదు. రోజంతా తిరిగేది పది పదిహేను కిలోమీటర్ల లోపే ఉండొచ్చు. కానీ ఇంజన్‌తో పంపు తిప్పే బండి అయితే అపార్ట్‌మెంట్ దగ్గర నిలబడి కూడా ఇంజన్ నడుస్తూనే ఉంటుంది. టిప్పర్, రెడీమిక్స్ బండి కూడా అంతే. మీటర్ తిరగదు, ఆయిల్ మాత్రం అరుగుతుంది. ఇలాంటి బండ్లకు ఇంజన్ నడిచిన గంటలే కొలత. మాన్యువల్‌లో గంటల లెక్క ఉంటే దాన్నే పాటించాలి. లేకపోతే కష్టమైన వాడకానికి రాసిన తక్కువ గడువు తీసుకోవాలి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ కూడా మార్చాలి.

పైసల్లో చూస్తే

లెక్క కోసం ఇలా అనుకుందాం. బండికి 15 లీటర్ల ఆయిల్ పడుతుంది. సరైన ఆయిల్‌కు, చవక ఆయిల్‌కు లీటరుకు 100 రూపాయల తేడా. ఒక్కసారి మార్పిస్తే తేడా 1,500 రూపాయలు. ఆ ఆయిల్ 20,000 కిలోమీటర్లు నడిస్తే కిలోమీటరుకు పడే అదనపు ఖర్చు ఏడున్నర పైసలు. అదే బండి లీటరు డీజిల్‌కు 4 కిలోమీటర్లు ఇస్తే, డీజిల్ రేటు 95 రూపాయలు అనుకున్నా కిలోమీటరుకు దాదాపు 24 రూపాయలు డీజిల్‌కే పోతుంది. 24 రూపాయల ఖర్చు పక్కన ఏడున్నర పైసలు మిగిల్చి, దాని కోసం ఇంజన్‌ను, డీపీఎఫ్‌ను పణంగా పెట్టడం వ్యాపారం కాదు.

బిల్లు లేకుండా కొంటే ఇంకో నష్టం ఉంది. వారంటీలో ఉన్న బండి ఇంజన్ పాడైతే కంపెనీ ముందు అడిగేది ఏ ఆయిల్ పోశారు, రుజువేది అని. ఆయిల్, ఫిల్టర్ బిల్లులు మీటర్ రీడింగ్ రాసి ఫైల్‌లో పెట్టుకోవాలి.

నకిలీ సరుకుతో జాగ్రత్త

పేరున్న కంపెనీ ఖాళీ డబ్బాల్లో వాడేసిన ఆయిల్‌ను వడకట్టి నింపి అమ్మే దందా కొత్తది కాదు. సీల్, మూత, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ చూడాలి. క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేయాలి. లూజు ఆయిల్ ఎంత చవకైనా వద్దు. ఆయిల్ మీ కళ్ల ముందే పోయించుకోవాలి. ఖాళీ డబ్బాకు అక్కడికక్కడే రంధ్రం పెట్టాలి, లేబుల్ చింపేయాలి. ఆ పని చేస్తే మీ డబ్బా రేపు ఇంకొకరిని ముంచదు.

గేజ్ చెప్పే సంగతులు

పొద్దున్నే, చదునైన చోట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గేజ్ తీసి చూడాలి. డీజిల్ బండిలో ఆయిల్ నల్లబడటం మామూలే. మసిని పట్టుకుంటోందని అర్థం. అసలు భయపడాల్సినవి వేరే.

ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే కూలెంట్ దిగుతోంది. బండి కదిలించొద్దు.

మట్టం తగ్గడానికి బదులు పెరిగితే ఆయిల్‌లోకి డీజిల్ చేరుతోందేమో చూపించాలి. కొన్ని బీఎస్-6 ఇంజన్లలో రీజనరేషన్ మధ్యలో మాటిమాటికీ ఇంజన్ ఆపేసినా ఇలా జరుగుతుంది.

మట్టం తొందరగా పడిపోతూ సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. అప్పుడు ఇంకా చిక్కటి ఆయిల్ పోసి సరిపెట్టుకోవడం మందు కాదు, వాయిదా మాత్రమే.

దారిలో ఆయిల్ తగ్గి, అదే స్పెసిఫికేషన్ దొరక్కపోతే ఏం చేయాలి? తక్కువ మట్టంతో నడపడం కంటే దొరికిన మంచి డీజిల్ ఇంజన్ ఆయిల్ కొంచెం పోసుకుని ఇంటికి రావడమే మేలు. వచ్చాక మొత్తం మార్పించాలి.

తీసిన ఆయిల్ ఎక్కడ పోయాలి?

వాడేసిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. దాన్ని మోరీలో పారబోస్తే చివరికి చేరేది మన చెరువుల్లోకే, మన బోర్లలోకే. దాన్ని తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారు చేసే కంపెనీల మీద పడింది. అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇచ్చే గ్యారేజీలోనే మార్పించుకోండి.

రేపు ఆయిల్ కొనడానికి వెళ్లేముందు మాన్యువల్ తీసి మూడు విషయాలు కాగితం మీద రాసి క్యాబిన్‌లో అతికించండి: చిక్కదనం గ్రేడ్, ఏపీఐ లేదా కంపెనీ స్పెసిఫికేషన్, ఎన్ని లీటర్లు. మాన్యువల్ పోయి ఉంటే ఛాసిస్ నంబర్ చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడగొచ్చు. డ్రైవర్ మారినా, మెకానిక్ మారినా ఆ కాగితం చూసే ఆయిల్ పోయాలి.