డార్విన్ పత్రాలు

డార్విన్ పత్రాలు ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త చార్లెస్ డార్విన్ (1809–1882), ఆయన కుటుంబీకుల కాగితాల సంచయం. వీటిలో అధిక భాగం 1942లో డార్విన్ కుటుంబం, పిల్‌గ్రిమ్ ట్రస్టుల ద్వారా గ్రంథాలయానికి చేరింది. ఉత్తరాలు, ప్రయోగాల వివరాలతో పాటు భార్య ఎమ్మా డైరీలు, వంటల పుస్తకం కూడా ఇందులో ఉన్నాయి. 1859లో అచ్చయిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ రాతప్రతిలో నేడు కొన్ని పుటలే మిగిలాయి. వాటిలో పలు పుటలు దక్కింది పిల్లలు వెనకవైపు బొమ్మలు వేసుకున్నందువల్లనే. శాస్త్ర రచనలను ఇంటి కాగితాలతో కలిపి భద్రపరచడంలోని విలువ ఇక్కడే స్పష్టమవుతుంది. 1837లో జీవవృక్షాన్ని గీసిన ‘బి’ నోటుపుస్తకం, ‘సి’ నోటుపుస్తకం కనిపించడం లేదని 2001లో గుర్తించారు. ఆ రెండూ 2022 మార్చిలో గ్రంథాలయానికి తిరిగి చేరాయి. తెచ్చిపెట్టినవారు పేరు వెల్లడించలేదు.