తులసీదాస్ బలరాం

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి మన రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరెను. ఆ మాసముననే మెల్‌బోర్నులో ఒలింపిక్ క్రీడలు మొదలయ్యెను. అచట ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి నాల్గవ స్థానము పొందిన భారత ఫుట్‌బాలు జట్టునకు శిక్షకుడు హైదరాబాదు రహీం సాహెబు. సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో 1936లో పుట్టిన ఫార్వర్డు ఆటగాడు బలరాం ఆ జట్టులోనివాడే.

1960 రోము ఒలింపిక్ క్రీడలలో హంగేరీ, పెరూలపై ఆయన గోలులు చేసెను. 1961లో ఈస్ట్ బెంగాల్ నాయకుడై కలకత్తా లీగు గెలిపించెను. 1962లో జకార్తాలో ఆసియా స్వర్ణము గెలిచిన జట్టునను నుండెను. మరుసటి యేడే అనారోగ్యముచే, ఇరువది యేడేండ్ల ప్రాయముననే, ఆట విడువవలసివచ్చెను. 2023లో కన్నుమూయు నాటికి వంగదేశపు ఉత్తరపారాయే ఆయనకు ఇల్లు.

పుట్టినచోట గాక నిలిచినచోట పేరు తెచ్చుకొనుట యెట్టిదో మనకు తెలియును. ఆయనను మనవాడని తలచుటకు ఏ సరిహద్దు అడ్డు?